నత్తియు, దాని వెనుకనున్న భయమును

హాజరుపట్టీ చదువునపుడు తన పేరు రాకమునుపే చెమటపట్టు బాలుని చదువరులు చూచియేయుందురు. "హాజరు" అను మూడక్షరము లతనికి కొండయగును. అట్టివానితో మేము "మెల్లగా చెప్పుము, ఊపిరి పీల్చుము" అని పలుమారు లంటిమి. వాని మాటను మేమే పూర్తిచేసితిమి. మేలు చేయుచున్నామనుకొంటిమి గాని, వాని భయమునే పెంచితిమి.

నత్తి మందబుద్ధి కాదు, పెంపకపు దోషమును కాదు. వంశపారంపర్యమును, మెదడు మాటను నడపు తీరును దీనికి ముఖ్యకారణములు. సాధారణముగా రెండేండ్లకు నైదేండ్లకు నడుమ మొదలగును. పెక్కుమంది పిల్లలకు దానంతట నదియే పోవును. పెద్దలలో నూటికి 1 చొప్పున నిలిచిపోవును. నాలుకకు వస రాచిన పోవునది కాదు. (ఉట్నూరు వైపునుండి వచ్చిన గోండు బాలుడు తెలుగు మాటకై తడుముకొనుట నత్తి కాదు. ఈ భేదము నుపాధ్యాయు లెరుగవలెను.)

తానును నత్తిగలవాడైన అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు జోసెఫ్ షీహన్ 1970లో దీనిని సముద్రములోని మంచుకొండతో పోల్చెను. చెవికి వినబడునది పైభాగము మాత్రమే. సిగ్గు, భయము, తప్పించుకొనుట యనునవి నీటి క్రిందనుండు పెద్దభాగము. 1960 తరువాత ఆరన్ బెక్ దిగులు రోగులకై యేర్పరచిన, తలంపును నడవడిని దిద్దు చికిత్స యీ లోపలిభాగమునకు పనికివచ్చుచున్నది.

మే మెరిగిన విద్యార్థి యొకడు కరీంనగరమునుండి పెద్దపల్లికి పోవువాడు. "ప" యతని నోట చిక్కుకొనును. అందుచే ఆవలనున్న రామగుండమునకు టిక్కెట్టు కొని పెద్దపల్లిలో దిగువాడు! "ఏమగునని భయము, బిడ్డా?" అని యడిగితిమి. "బస్సంతయు నవ్వును, సార్" అనెను. ఆ తలంపును కాగితముపై వ్రాయించితిమి. మొదట మిత్రునియొద్దను, పిదప కిరాణాదుకాణములోను పలికించి, తరువాత బస్సులో నత్తి దాచక "పెద్దపల్లి" యని యడిగి, ఎందరు నవ్విరో లెక్కించి రమ్మంటిమి. మొదటివారము రామగుండమే కొనెను. రెండవవారము వచ్చి, "ఇద్దరు చూచిరి, నవ్వినవారు లేరు. కండక్టరు చిల్లర యడిగెను" అని చెప్పెను. ఈ ఫలితమును కూడ ఆ కాగితముమీదనే వ్రాసికొనెను.

ఇది నత్తిని మాన్పు మందని మేము చెప్పము. రాస్ మెంజీస్ మొదలగువారు ఆస్ట్రేలియాలో జరిపి 2008లో ప్రకటించిన పరీక్షలో నలుగురిలో మాటాడు భయము తగ్గెను గాని నత్తి తగ్గలేదు. కావున మాటకు వేరుగ శిక్షణ కావలెను. అందులకు సికింద్రాబాదులోని ఆలీ యావర్ జంగ్ సంస్థవారి కేంద్రము గలదు.

హాజరునకు చేయి యెత్తిన చాలునని యొకప్పుడు సెలవిచ్చితిమి. అదియు తప్పించుకొనుటయే యని తెలిసిన పిదప, బాలునితో మాటాడి దానిని మానితిమి. ఇప్పు డతని మాట ముగియువరకు కలము పట్టీపై నుంచి కాచుకొనియుందుము.