చెట్టు మందు చేటు చేయదా?

“చెట్టు మందే గదా, గుణమివ్వకపోయినా దోషమివ్వదు” అనే మాట మన ఇండ్లలో తరచుగా వినబడుతుంది. ఇది సరియైన నమ్మకం కాదు. చార్మినార్ పరిసరాలలోని అత్తారు దుకాణాలలో సులభంగా లభించే మూలికలలోనే చర్మాన్ని, నోటిని పుండు చేయగలవి ఉన్నాయి.

నల్లజీడి (భల్లాతకం)

మామిడి, జీడిమామిడి దీని కుటుంబంలోనివే. మామిడికాయ సొన తగిలితే మూతి పొక్కేవారు దీని విషయమై మరింత జాగ్రత్త వహించవలెను. పూర్వం రజకులు బట్టలపై చెరగని గుర్తులు పెట్టినది ఈ రసంతోనే. ఆనెలకనీ, మడమ నొప్పికనీ దీని నూనె అంటిస్తే మొదటి రోజు ఏమీ కనబడకపోవచ్చు. ఒకటి రెండు రోజులకు దురద, ఎరుపు, నీటిపొక్కులు బయలుదేరుతాయి. వ్రేళ్ళకంటిన రసం కనురెప్పలకు కూడా చేరుతుంది.

చరక సంహిత దీనిని రసాయనంగా చెబుతూనే అగ్నితో పోల్చింది. భల్లాతక క్షీరం త్రాగేముందు నోటి లోపల నేయి పూసుకొమ్మన్నది. ఇటుక పొడిలో రుద్ది శుద్ధి చేయడం వైద్య సంప్రదాయం. శాస్త్రమే ఇంత జాగ్రత్త చెప్పిన ద్రవ్యం ఇంటి చిట్కాకు తగదు.

బావంచాలు, నల్ల గోరింట

బొల్లికి బావంచాల లేపనం పూసి ఎండలో ఎక్కువసేపు కూర్చుంటే చర్మం కాలినట్లు పొక్కుతుంది. ఆ గింజలలోని సోరాలెన్ సూర్యరశ్మితో కలిసి చేసే పని అది. అసలైన గోరింట ఎర్రగానే పండుతుంది. కొద్దిసేపటిలో నల్లగా పండే దానిలో చాలావరకు జుట్టు రంగులలో వాడే పారాఫినైలిన్ డయమైన్ కలిసి ఉంటుంది. దానివలన ఒకసారి పొక్కులు వచ్చినవారికి తరువాత జుట్టు రంగు కూడా పడకపోవచ్చు.

నోటి విషయం

లవంగ తైలం నేరుగా చిగుళ్ళపై పోస్తే ఆ చోటు తెల్లబడి పుండవుతుంది. ఒక చుక్కను దూదికి అద్ది పిప్పిపన్ను గుంతలో మాత్రమే ఉంచవలెను. తాంబూలంలో సున్నం మించితే నోరు పొక్కుతుంది. వక్కను నిత్యం నమిలేవారికి నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోయే వ్యాధి, కాన్సరు కూడా రావచ్చు.

పాటించవలసినవి

1. రసం అంటిన వెంటనే సబ్బుతో, ధారాళమైన నీటితో చర్మాన్ని, గోళ్ళను కడగవలెను. బట్టలు మార్చవలెను.
2. పొక్కులను చిదపరాదు. వాటిపై మరొక ఆకు పసరు పూయరాదు. చల్లని తడిగుడ్డ వేయవచ్చును.
3. ముఖం, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళవలెను.
4. రెండు వారాలలో మానని నోటిపుండును వైద్యునికి చూపవలెను.
5. వాడిన మూలిక మిగిలినది పారవేయక వైద్యునికి చూపితే చికిత్స సులభమవుతుంది.