పాత ట్రక్కునకు పెద్ద పెట్రోలు ట్యాంకు

పాత్ర పెద్దదైనచో పట్టునది ఎక్కువగును. బావికి బిందె తీసికొని పోవు బాలునకైనను ఇది తెలిసినదే. కాని మోటారు బండిలో పాత పెట్రోలు ట్యాంకును తీసి పెద్దదానిని అమర్చుట బిందెను మార్చినంత సులభము కాదు. బండి బరువు, చమురు పారు గొట్టము, గాలి వచ్చు మార్గము, మట్టము చూపు ముల్లు, అన్నింటికంటె ముఖ్యముగా లోన కూర్చున్నవారి ప్రాణరక్షణ, ఇవన్నియు ఆ ఒక్క పాత్రతో ముడిపడి యున్నవి. అమెరికా దేశపు పాత పికప్ ట్రక్కు నొకదానిని ఉదాహరణముగా గైకొని ఈ సంగతిని వివరింతును.

పికప్ ట్రక్కనగా ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండుటకు క్యాబును, వెనుక సామాను వేయుటకు పైకప్పు లేని తొట్టియు గల చిన్న లారీ. 1967 మొదలు 1972 వరకు వెలువడిన షెవ్రొలే సి-10 అట్టిదే. దానిని శ్రద్ధతో బాగుచేసికొని నడుపుకొను అభిమానులు ఆ దేశమున నేటికిని కలరు. ఈ బండిలో పెట్రోలు ట్యాంకు ఎచ్చట నున్నదో విన్నచో చదువరులు ఆశ్చర్యపడుదురు. అది బండి క్రింద లేదు. క్యాబులోనే, సీటు వెనుక అమర్చబడి యున్నది. దానిలో సుమారు 20 అమెరికా గ్యాలన్లు, అనగా 76 లీటర్లు పట్టును. ఆ కాలపు ఫోర్డు ట్రక్కులలోను ఇట్టి ఏర్పాటే యుండెను. రాళ్లదెబ్బ, బురద తగులకుండుట దీని సుగుణము. పెట్రోలు వాసన క్యాబులో వ్యాపించుటయు, ప్రమాదము జరిగినచో చమురు మనుష్యుల నడుమనే ఒలుకుటయు దీని దోషములు.

కావున పలువురు యజమానులు ఈ ట్యాంకును తొలగించి, 1973 తరువాతి షెవ్రొలే బ్లేజరు బండికై చేయబడిన 31 గ్యాలన్ల ట్యాంకును వెనుక ఇరుసునకు ఆవల, చట్రపు రెండు దూలముల నడుమ వ్రేలాడదీయుదురు. దీనిలో 117 లీటర్లు పట్టును. లీటరునకు 5 కిలోమీటర్లు నడచునని లెక్కించినచో, 380 కిలోమీటర్లకు నిలిచిపోవు బండి 585 కిలోమీటర్లు పోగలదు. సీటు వెనుక చోటు మిగులును, వాసన తొలగును. అయితే ఆ స్థలమున పూర్వము స్టెపినీ చక్రము వ్రేలాడుచుండెను గావున దానికి వేరొక తావు చూపవలెను.

దూలముల నడుమనే యేల అమర్చవలెనని ఎవరైనను అడుగవచ్చును. ఇందులకు చరిత్రయే సమాధానము. 1973 మొదలు 1987 వరకు ఆ సంస్థవారి పెద్ద పికప్ ట్రక్కులలో ట్యాంకులు చట్రపు దూలములకు వెలుపల, బండి ప్రక్కను ఉండెను. ప్రక్కనుండి మరియొక బండి వచ్చి తాకినచో ట్యాంకు పగిలి మంటలు లేచునని ఆక్షేపణలు బయలుదేరినవి. 1992లో ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ విచారణ ప్రారంభించెను. 1994 చివర జనరల్ మోటార్సు సంస్థ 5 కోట్ల 10 లక్షల డాలర్లకు పైగా భద్రతా కార్యక్రమములకు ఇచ్చుటకు అంగీకరింపగా, ట్రక్కులను వెనుకకు పిలువకయే ఆ వ్యవహారము ముగిసెను. చమురు ఎంత పట్టుననుట కంటె అది ఎచ్చట నున్నదనుట ముఖ్యమని ఈ ఉదంతము బోధించుచున్నది.

ఇక బరువు సంగతి. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో కంటె కొంచెము తక్కువ తూగును. 117 లీటర్లు సుమారు 87 కిలోలు. ట్యాంకు మధ్యభాగము వెనుక ఇరుసునకు ఒక మీటరు వెనుక నున్నదనుకొందము. పొట్టి సి-10 బండిలో రెండు ఇరుసుల మధ్య దూరము 115 అంగుళములు, అనగా 2.92 మీటర్లు. తులాదండ సూత్రము ననుసరించి ముందు చక్రములపై సుమారు 30 కిలోల భారము తగ్గి, వెనుక చక్రములపై 117 కిలోలు పెరుగును. తరగతిలో నేర్చిన పాఠము రహదారిపై ఇట్లు పనిచేయును. కావున ట్యాంకును మోయు పట్టీలును, అడ్డకమ్మీలును గట్టివై యుండవలెను. నిండుకుండ తొణకదని సామెత. ట్యాంకు సగము ఖాళీయైనపుడే తొణకును. ఆ ఊపును అణచుటకు లోపల అడ్డురేకులు అవసరము.

ట్యాంకునకును ఊపిరి కావలెను. లోనుండి చమురు పోవుకొలది ఆ మేరకు గాలి ప్రవేశింపవలెను. లేనిచో లోపల శూన్యమేర్పడి, పంపు చమురును లాగజాలక ఇంజను ఆగిపోవును. ఎండ వేడికి పెట్రోలు వ్యాకోచించును. 20 డిగ్రీల వేడి పెరిగినచో 117 లీటర్లు రెండు లీటర్లకు పైగా ఉబ్బును. అందుచేత అంచువరకు నింపక కొంత చోటు విడువవలెను. గాలి గొట్టమును ట్యాంకు పైభాగమున అమర్చి, బండి తలక్రిందులైనను చమురు కారకుండ మూసికొను కవాటము పెట్టుట మంచిది. సైలెన్సరు గొట్టమునకు ట్యాంకు దూరముగా నుండవలెను. ఈనాటి పెట్రోలులో ఇథనాలు కలిసియుండును గనుక, పాత రబ్బరు గొట్టములను తీసి దానికి తట్టుకొను గొట్టములనే వాడవలెను.

మట్టము చూపు ముల్లు విషయమున ఒక తమాషా కలదు. ట్యాంకులో తేలు బెండు పైకి క్రిందికి కదలుచు విద్యున్నిరోధమును మార్చును. ముల్లు దాని ననుసరించును. షెవ్రొలే పద్ధతిలో ఖాళీ ట్యాంకునకు 0, నిండు ట్యాంకునకు 90 ఓములు. ఆ కాలపు ఫోర్డు పద్ధతిలో ఖాళీకి 73, నిండుకు సుమారు 10 ఓములు. ఒకదాని బెండును మరియొకదాని ముల్లుతో కలిపినచో నిండినది ఖాళీగను, ఖాళీయైనది నిండుగను కనబడును!

చివరిది, అత్యంత ముఖ్యమైనది. పాత ట్యాంకును తీయునపుడే అపాయము హెచ్చు. ద్రవము కాదు, ఆవిరియే ప్రేలును. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర మొదలు ఏడున్నర పాళ్ల వరకు ఉన్నచో, నిప్పురవ్వ తగిలిన తక్షణమే మండును. ఆ ఆవిరి గాలికంటె బరువు గనుక నేలపై ప్రాకి దూరముననున్న దీపమును సైతము చేరగలదు. ఖాళీగా కనబడు ట్యాంకు ఆవిరితో నిండియుండును. తెలియక దానికి వెల్డింగు చేయబూనుట మృత్యువును పిలుచుటయే. పని ఆరుబయట జరుగవలెను. మొదట బ్యాటరీ తీగ విప్పవలెను. దరిదాపుల నిప్పు ఉండరాదు.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షనులో, రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములు తయారుదారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని నిషేధించినది. కావున ఇట్టి కోరిక గలవారు ముందుగా రిజిస్టరు చేయు అధికారిని విచారించుట కర్తవ్యము.

యంత్రమున ఒక భాగము ఒంటరిగా నుండదు. ఒకదానిని కదపినచో పది కదలును. ఆ పదింటిని ముందే ఆలోచించువాడే నిజమైన పనివాడు.