కారులో ఈక్వలైజర్‌ను సరిచేయడం

ధ్వనిలోని వేర్వేరు పౌనఃపున్యాల బలాన్ని విడివిడిగా పెంచే, తగ్గించే సాధనం ఈక్వలైజర్. మనిషి చెవికి వినిపించే సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల పరిధిని అది కొన్ని బ్యాండ్లుగా విడదీస్తుంది. మామూలు కారు స్టీరియోలో బేస్, మిడ్, ట్రెబుల్ అనే మూడు బ్యాండ్లే ఉంటాయి. గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో పది బ్యాండ్లుంటే ఆక్టేవ్‌కు (పౌనఃపున్యం రెట్టింపయ్యే వ్యవధికి) ఒకటి, 31 ఉంటే ఆక్టేవ్‌లో మూడో వంతుకు ఒకటి చొప్పున వస్తాయి. పారామెట్రిక్ రకంలో ఏ పౌనఃపున్యం దగ్గర, ఎంత వెడల్పున, ఎన్ని డెసిబెళ్లు మార్చాలో కూడా ఎంచుకోవచ్చు. దాన్ని వివరిస్తూ ఇంజనీర్ జార్జ్ మాసెన్‌బర్గ్ 1972లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీకి పత్రం సమర్పించారు.

కారుకు ఈ సాధనం ఇంతగా అవసరం కావడానికి కారణం దాని లోపలి గదే. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. 70 హెర్ట్జ్ తరంగం పొడవు 4.9 మీటర్లు, అందులో సగం దాదాపు కారు లోపలి పొడవుతో సమానం. అంతకన్నా తక్కువ పౌనఃపున్యాల వద్ద లోపలి గాలంతా ఒక్కసారిగా నొక్కుకుపోయి, బేస్ దానంతటదే పెరుగుతుంది. దానికి పైన, సుమారు 500 హెర్ట్జ్ వరకు, గోడల మధ్య ప్రతిఫలించే తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి కొన్నిచోట్ల బలపడతాయి, కొన్నిచోట్ల రద్దవుతాయి. ఇంకా పైన అద్దాలు ధ్వనిని తిప్పికొడతాయి, సీట్లు పీల్చుకుంటాయి. భారతీయ కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి కుడి స్పీకర్ శబ్దం అతనికి ముందుగా, బిగ్గరగా చేరుతుంది.

ఈక్వలైజర్ తీర్చలేని లోపాలను ముందుగానే సరిచేయాలి. ఒక స్పీకర్ తీగలు తారుమారైతే రెండు వైపుల బేస్ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. డోర్ ప్యానెల్ అదిరితే ఆ గలగల ఏ బ్యాండ్ తగ్గించినా పోదు. ధ్వనిని పౌనఃపున్యాల వారీగా విడగొట్టే క్రాసోవర్‌తో దాదాపు 80 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదాన్ని సబ్ ఊఫర్‌కు, మిగతాది డోర్ స్పీకర్లకు పంపడం వాడుక. దగ్గరి స్పీకర్‌ను కాస్త ఆలస్యంగా పలికించే సౌకర్యం ఉంటే, దూరంలో ప్రతి 34 సెంటీమీటర్ల తేడాకు ఒక మిల్లీసెకను చొప్పున అమర్చాలి. బేస్ బూస్ట్, లౌడ్‌నెస్ ఆపేసి, బ్యాండ్లన్నీ సున్నా దగ్గర పెట్టాలి.

కొలతకు పింక్ నాయిస్ వాడతారు. అందులో ప్రతి ఆక్టేవ్‌లోనూ శక్తి సమానంగా ఉంటుంది. ఇంజిన్ ఆపి, అద్దాలు మూసి, మైకును డ్రైవరు తల ఉండే చోట మెల్లగా తిప్పుతూ సగటు తీసుకోవాలి. ఒక్క చోటే కొలిస్తే ఆ బిందువు దగ్గరి రద్దు మొత్తం కారు లక్షణంలా కనిపిస్తుంది. చాలా ఫోన్ల మైకులు లోతైన బేస్‌ను సరిగా పట్టవు. కొలతల కోసమే తయారైన మైకు నమ్మదగినది. ఎడమ, కుడి స్పీకర్లను వేరువేరుగా కొలవాలి.

ఈ కొలతతో వచ్చే గ్రాఫ్‌లో కనిపించే ఎత్తులను తగ్గించడం మొదటి పని. లోయలను పూడ్చడం కాదు. తరంగాలు రద్దవడం వల్ల ఏర్పడిన లోయలో ఆ బ్యాండ్‌ను పెంచితే నేరుగా వచ్చే తరంగం, ప్రతిఫలించిన తరంగం రెండూ సమానంగా పెరుగుతాయి. రద్దు అలాగే మిగులుతుంది. పైగా ఆంప్లిఫయర్ మీద భారం పడుతుంది. 3 డెసిబెళ్లు పెంచితే రెట్టింపు శక్తి కావాలి, 10 డెసిబెళ్లకు పది రెట్లు. 20 వాట్లు సరిపోయే చోట 200 వాట్లు అవసరమవుతాయి. అంత ఇవ్వలేని ఆంప్లిఫయర్ తరంగం కొసలను కోసేస్తుంది. స్వరం బొంగురుపోతుంది, ట్రెబుల్ పలికించే ట్వీటర్ వేడెక్కి కాలిపోవచ్చు.

గ్రాఫ్ సమతలంగా రావడం లక్ష్యం కాదు. అలా సరిచేస్తే కారులో పాట పలుచగా, కటువుగా వినిపిస్తుంది. బేస్ కాస్త ఎత్తుగా మొదలై ట్రెబుల్ వైపు నెమ్మదిగా వాలే రేఖ చెవికి హాయిగా ఉంటుంది. టైర్ల, రోడ్డు చప్పుడు ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లోనే ఉండి, కారు నడిచేటప్పుడు బేస్‌ను కప్పేస్తుంది. చిన్న శబ్దం దగ్గర చెవికి బేస్ తక్కువగా వినిపిస్తుందని పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లో చూపారు. అందుకే రోజూ వినే వాల్యూమ్‌లోనే సర్దుబాటు చేయాలి.

చివరి తీర్పు చెవిది. బాగా తెలిసిన పాట పెట్టి, ఒకసారికి ఒక బ్యాండ్‌నే, ఒకటి రెండు డెసిబెళ్ల చొప్పున మార్చాలి. 200 నుంచి 400 హెర్ట్జ్ ఎక్కువైతే గొంతు కుండలోంచి వచ్చినట్టుంటుంది. 1,000 నుంచి 4,000 మధ్య మాటల స్పష్టత ఉంటుంది. అక్కడ చెవి అతి సున్నితం కాబట్టి ఎక్కువైతే త్వరగా అలసిపోతుంది. 5,000 నుంచి 8,000 మితిమీరితే స, శ, ష అక్షరాలు బుసకొడతాయి. చెవి కొత్త స్వరానికి త్వరగా అలవాటు పడుతుంది కనుక మధ్యలో విరామమిచ్చి మళ్లీ వినాలి. అన్ని సీట్లకూ ఒకే అమరిక సరిపోదు. డ్రైవరుకు ఒకటి, అందరికీ మధ్యస్థంగా ఇంకొకటి భద్రపరచుకోవచ్చు. స్పీకర్లు గానీ సీటు కవర్లు గానీ మార్చినప్పుడు కొలత మళ్లీ తీసుకోవాలి.