ఆసుపత్రిలో మధ్యమ పురుష

మధ్యమ పురుషకు ఏకవచనం 'నువ్వు', బహువచనం 'మీరు' అని పిల్లలకు చెబుతుంటాను. 'మీరు' గౌరవార్థంలోనూ వస్తుందని చేరుస్తాను. ఆ గౌరవం ఎవరికి దక్కుతుందో, ఎవరికి దక్కదో పాఠ్యపుస్తకం చెప్పదు. గత ఏడాది మాదాపూర్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో మా అమ్మ మంచం పక్కన వారం రోజులు కూర్చున్నప్పుడు అది నాకు బోధపడింది.

కౌంటరు దగ్గర ఐటీ ఉద్యోగికి "సార్, మీరు కూర్చోండి". వెనకే వచ్చిన పాలమూరు తాపీకూలి భార్యకు "ఏయ్, నువ్వు పక్కకు జరుగు". తరవాత ఆమె వరండాలో నన్నడిగింది: "సారూ, ఈ గోలి తిన్నంక ఏస్కోవాల్నా, తినకముందా?" సిస్టరునే అడగకపోయావా అమ్మా అన్నాను. "ఒక్కపారి అడిగితె కసిరింది సారూ." రెండో ప్రశ్న వేసే ధైర్యం పోయిన రోగికి మందు చేతికొచ్చినా వైద్యం అందనట్టే. కనుక ఇది కేవలం మర్యాదకు సంబంధించిన సమస్య కాదు.

కసిరిన ఆ నర్సు కూడా వివక్షకు బయట లేదు. అదే వార్డులో ఒక పెద్దమనిషి ఆమె ఊరడిగాడు, ఇంటిపేరడిగాడు, చివరికి "మీరేమిట్లమ్మా?" అన్నాడు. కులం తెలిశాక సూది మందు మరొకరిచేత వేయించమన్నాడు. యాజమాన్యం మారుమాట్లాడకుండా వేయించింది. ఇక గదులు తుడిచే ఆమెకు పేరే లేదు. అందరికీ ఆమె "ఇదిగో".

తెలంగాణ పల్లెల్లో 'నువ్వు' ఆత్మీయత కూడా. కాబట్టి తప్పు సర్వనామానిది కాదు. ఒకే నోట్లో అది ఎదుటివాడి కులాన్నీ కూలినీ చూసి మారుతున్నది. అదీ అసలు విషయం. 1998లో సైబర్ టవర్స్ వెలిసిన ఈ నేల మీద భవనాలు మారినంత వేగంగా భూస్వామ్య సంస్కారం మారలేదు.

అస్పృశ్యత పేరుతో ఆసుపత్రిలో ప్రవేశం నిరాకరించడాన్ని 1955 నాటి చట్టమే నేరం చేసింది. కాని తలుపు తెరిచి, లోపల చిన్నబుచ్చే పద్ధతిని పట్టుకోవడం కష్టం. వైద్యవిద్య చదివినవారికీ రక్షణ లేదు. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ వైద్య కళాశాల పీజీ విద్యార్థిని, లంబాడా యువతి డాక్టర్ ధారావత్ ప్రీతి మరణించారు. సీనియర్ వేధించాడన్న ఆరోపణపై ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది.

ఆసుపత్రులు చేయగలిగింది ఉంది. రోగులందరినీ ఒకే తీరున సంబోధించాలి. కులం చూసి నర్సును మార్చమంటే నిరాకరించి, ఆ నర్సు పక్షాన నిలబడాలి. ఫిర్యాదును కాగితం మీద తీసుకోవాలి. పారిశుద్ధ్య కార్మికులను పేరుతో పిలవాలి.

మరి రచయితలు? నేను చదివిన కథల్లో ఆసుపత్రి తరచు వస్తుంది. కాని డాక్టరూ రోగీ, నర్సూ ఆయా, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో అందులో అరుదుగా వినిపిస్తుంది. సంభాషణను శిష్టభాషలోకి సర్ది రాస్తే ఈ వాస్తవం కాస్తా జారిపోతుంది. కొత్తగా రాస్తున్న మిత్రులు ఒక పూట ఓపీ వరుసలో నిలబడి వినాలి. విన్నది విన్నట్టు రాయాలి.