గట్టు దారుల లారీలు – కమాను బ్రాకెట్ల మరమ్మతు

నరసాపురం, మొగల్తూరు, భీమవరం ప్రాంతాల చేపల, రొయ్యల చెరువులకు మేత మోసుకెళ్లి, పట్టుబడి రోజున సరుకును ఐసులో సర్ది తీసుకువచ్చే లారీలు ప్రయాణంలో అధిక భాగం తారురోడ్డు మీదనే సాగించినా, వాటి సత్తువను పరీక్షించేది చివరన వచ్చే గట్టు దారి. గోదావరి ఒండ్రుతో ఏర్పడిన బంకమట్టి ఎండలో నెర్రెలిచ్చి గట్టిపడుతుంది, వానలో మెత్తబడి చక్రాన్ని లోనికి దించుకుంటుంది. ఒక పక్క కుంగి రెండో పక్క ఎత్తున నిలిచినప్పుడు ఛాసిస్ మెలితిరిగి, ఆ మెలిక బలం కమాను కట్టలను ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్ల మీద పడుతుంది.

కమాను కట్ట అంటే వేర్వేరు పొడవుల ఉక్కు పట్టీలను పేర్చి, నడుమ సెంటర్ బోల్టుతో కలిపి, యు బోల్టులతో ఇరుసుకు బిగించిన స్ప్రింగు. దాని ఒక కొన పిన్ను, బుష్‌ల సాయంతో కదలని బ్రాకెట్‌కు అమరి ఉండగా, రెండో కొన షాకిల్ అనే ఊగే లంకెకు తగిలి ఉంటుంది. బరువు పడి వంపు తగ్గినప్పుడు కట్ట రెండు కొనల మధ్య దూరం పెరుగుతుంది కనుక, ఆ పెరుగుదలకు చోటివ్వడం షాకిల్ పని. గ్రీజు అందక పిన్ను తుప్పుపట్టి షాకిల్ బిగుసుకుపోతే కట్ట సాగడానికి దారి లేక బ్రాకెట్‌నే నెడుతుంది. పైగా చాలా లారీల్లో ఇరుసు ముందుకు నెట్టే బలం, బ్రేకు వేసినప్పుడు వెనక్కు లాగే బలం ఛాసిస్‌కు అందేది కదలని బ్రాకెట్ ద్వారానే. కాబట్టి విరిగిన బ్రాకెట్‌ను చూసి అధిక బరువు ఒక్కటే కారణమని తేల్చడం తొందరపాటు. దోషం అరిగిన బుష్‌లోనో, వదులైన యు బోల్టులోనో ఉండవచ్చు.

ఒక్క దెబ్బకు విరగని ఉక్కు, అంతకంటే చాలా తక్కువ బలం లక్షలసార్లు పడి విడిచినప్పుడు విరగడాన్ని లోహపు అలసట అంటారు. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్‌కు వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగాక ఐరోపా ఇంజనీర్ల దృష్టి ఈ విషయంపై నిలిచింది. ఆ తరువాత జర్మన్ ఇంజనీరు అవుగుస్ట్ వోలర్ రైలు ఇరుసులపై ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, బలం ఎంత పడిందన్నదే కాక ఎన్నిసార్లు పడిందన్నదీ ముఖ్యమని నిరూపించాడు. బ్రాకెట్‌లో ఇటువంటి పగులు సాధారణంగా బోల్టు రంధ్రం అంచునో, పాత వెల్డింగు అంచునో మొదలవుతుంది. డెల్టాలో దానికి ఉప్పు తోడవుతుంది: ఉప్పు చెరువుల నీరు, సముద్రపు గాలి లోహంపై తుప్పు గుంటలు చేస్తాయి, ఆ గుంటలే కొత్త పగుళ్లకు మొదళ్లవుతాయి. 17వ శతాబ్దంలో ఆంగ్ల, డచ్చి వర్తకుల ఓడలు తయారైన నరసాపురం రేవు పట్టణానికి ఉప్పు ఇనుమును తినడం కొత్త సంగతి కాదు.

మరమ్మతుకు ముందు సరుకు దించి, చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్‌ను గట్టి స్టాండ్లపై నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరడం ప్రాణాంతకం. బురద, తుప్పు, రంగు పూర్తిగా తొలగించాక పగులు ఎంత దూరం పోయిందో చూడాలి. పగుళ్లలోకి ఇంకే ఎర్ర రంగును పూసి, పైపై రంగు తుడిచి, తెల్లని పొడి చల్లితే కంటికందని గీత కూడా బయటపడుతుంది. బ్రాకెట్ విరిగితే అతుకు వేయడం కన్నా కొత్తది బిగించడం మేలు. పగులు ఛాసిస్‌లోకి పాకితే దాని కొసన చిన్న రంధ్రం చేసి ముందుకు పోకుండా ఆపి, పగులంతటినీ గాడిలా గ్రైండు చేసి, అడుగు నుంచి వెల్డింగుతో నింపాలి. పైపైన గీసిన వెల్డింగు కింద పాత పగులు అలాగే ఉండి, మళ్లీ అక్కడే తెరుచుకుంటుంది. తేమ ఎక్కువైన ఈ గాలిలో తక్కువ హైడ్రోజన్ రాడ్లను వేడి పెట్టెలో ఆరబెట్టి వాడటం తప్పనిసరి, లేకుంటే తేమలోని హైడ్రోజన్ వెల్డింగు పక్కనే పగుళ్లు తెస్తుంది. ఛాసిస్ తయారీదారు వెల్డింగు కూడదన్న చోట ఈ పని చేయరాదు. బ్యాటరీ తీగలు విప్పి, ఎర్తు క్లాంపును వెల్డింగుకు దగ్గరగా పెట్టాలి. కమాను పట్టీల మీద నిప్పురవ్వ పడినా, కరెంటు వాటి గుండా పోయినా ఆ చోట పట్టీ పెళుసుబారి తరువాత విరగవచ్చు. బలానికి వేసే అదనపు ప్లేటు కొనలను నిలువుగా కోయకుండా వాలుగా కోస్తే, బలం ఒక్క గీత మీద పోగుపడదు.

కొత్త బ్రాకెట్‌కు తలపై 8.8 లేదా 10.9 అని ముద్ర ఉన్న, తయారీదారు చెప్పిన బోల్టులనే వాడాలి. ఆపై రెండు పక్కలా ముందు ఇరుసు నుంచి వెనుక ఇరుసు దాకా దూరం కొలిచి సమానం చేయాలి. అది తప్పితే లారీ కాస్త అడ్డంగా నడిచి టైర్లను అరగదీస్తుంది. విప్పిన యు బోల్టులను తిరిగి వాడక కొత్తవి వేసి, సరుకుతో కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నింటినీ మళ్లీ బిగించాలి. ఆ తనిఖీలో బోల్టు తల చుట్టూ ఎర్రటి పొడి కనబడితే బ్రాకెట్, ఛాసిస్‌ల మధ్య ఇంకా రాపిడి జరుగుతున్నదని గ్రహించి, లారీని మళ్లీ గట్టెక్కించక ముందే విప్పి చూడాలి.