కుర్చీ ఖాళీ అయితే ఎవరు కూర్చుంటారు?

అమెరికాలో 50 రాష్ట్రాలు ఉన్నాయి. ఒక్కో రాష్ట్రానికి ఒక గవర్నరు. గవర్నరు అనగానే మనకు మన గవర్నరు గుర్తుకొస్తారు. కాని అక్కడి సంగతి వేరు. మన గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికాలో గవర్నరును ప్రజలే ఓట్లేసి ఎన్నుకుంటారు. రాష్ట్ర పాలన గవర్నరే నడుపుతారు. అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి అన్నమాట.

దేశానికి పెద్ద అధ్యక్షుడు. తన మంత్రులను ఆయనే ఎంచుకుంటారు. ఒక్కోసారి ఒక గవర్నరును పిలిచి మంత్రిని చేస్తారు. అప్పుడు ఆ గవర్నరు తన పదవి వదులుకోవాలి. మరి ఆ కుర్చీ ఎవరిది?

అరిజోనాలో ఏం జరిగింది?

అరిజోనా మెక్సికో సరిహద్దులో ఉన్న రాష్ట్రం. 2002లోనూ, 2006లోనూ అక్కడి ప్రజలు జానెట్ నపొలిటానోను గవర్నరుగా గెలిపించారు. ఆమెది డెమొక్రాటిక్ పార్టీ. శాసనసభలో మాత్రం రిపబ్లికన్ పార్టీదే బలం. సభ పంపిన బిల్లు నచ్చకపోతే ఆమె సంతకం పెట్టకుండా వెనక్కి పంపేవారు. వలస వచ్చినవాళ్ల మీద కఠినంగా ఉన్న బిల్లులు కొన్ని అలాగే ఆగిపోయాయి.

2009 జనవరిలో బరాక్ ఒబామా అధ్యక్షుడయ్యారు. ఆయనదీ డెమొక్రాటిక్ పార్టీయే. నపొలిటానోను దేశ భద్రత చూసే శాఖకు మంత్రిని చేశారు. గవర్నరుగా ఆమెకు ఇంకా రెండేళ్లు గడువుంది.

అప్పట్లో అరిజోనాలో ఉప గవర్నరు పదవి లేదు. గవర్నరు కుర్చీ ఖాళీ అయితే రాష్ట్ర కార్యదర్శి అందులోకి రావాలని రాజ్యాంగంలో రాసుంది. ఆ కార్యదర్శిని కూడా ప్రజలే ఎన్నుకుంటారు, కాని వేరే ఓటుతో. అప్పటి కార్యదర్శి జాన్ బ్రూవర్. ఆమెది రిపబ్లికన్ పార్టీ. ఎన్నిక లేకుండానే రాష్ట్రం ఒక పార్టీ చేతిలోంచి ఇంకో పార్టీ చేతికి పోయింది.

ఒక్క సంతకం

2010 ఏప్రిల్ 23న బ్రూవర్ ఒక చట్టం మీద సంతకం పెట్టారు. పోలీసులు ఏదైనా పని మీద ఒకరిని ఆపారనుకోండి. ఆ మనిషి అనుమతి లేకుండా దేశంలో ఉంటున్నాడని అనుమానం వస్తే ఆరా తీయాలి. ఇదీ ఆ చట్టం. మెక్సికో మూలాలున్న కుటుంబాలు భయపడ్డాయి. ముఖం చూసి అనుమానిస్తారేమోనని వాళ్ల బెంగ. ఊరేగింపులు జరిగాయి. ఒబామా ప్రభుత్వమే కోర్టుకెక్కింది. 2012లో సుప్రీంకోర్టు ఆ చట్టంలో మూడు భాగాలు కొట్టేసింది. ఆరా తీసే భాగాన్ని మాత్రం అప్పటికి ఉండనిచ్చింది.

అయితే బ్రూవర్ అన్నిట్లోనూ పార్టీ మాటే వినలేదు. 2013లో సొంత పార్టీలో చాలామంది వద్దన్నా, పేదల వైద్య పథకాన్ని ఎక్కువమందికి అందేలా పెంచారు.

యూటాలో వేరుగా

అధ్యక్షుడు ఎదుటి పార్టీ గవర్నరునూ పిలవవచ్చు. 2009లోనే ఒబామా యూటా గవర్నరు జాన్ హంట్స్‌మన్‌ను చైనాకు రాయబారిగా పంపారు. హంట్స్‌మన్‌ది రిపబ్లికన్ పార్టీ. రాయబారి మంత్రి కాదు. అయినా ఇక్కడా కుర్చీ ఖాళీ అయింది. కాని ఒబామా పార్టీకి అది దక్కలేదు. ఎందుకంటే యూటాలో గవర్నరు, ఉప గవర్నరు జంటగా పోటీ చేస్తారు. ఇద్దరిదీ ఒకే పార్టీ. కాబట్టి ఉప గవర్నరు గ్యారీ హెర్బర్ట్ గవర్నరయ్యారు. పార్టీ మారలేదు.

ప్రజలు మార్చిన నియమం

2022 నవంబరులో అరిజోనా ప్రజలు ఈ విషయం మీదే ఓటేశారు. తమకూ ఉప గవర్నరు కావాలన్నారు. 2026 ఎన్నికల నుంచి గవర్నరు, ఉప గవర్నరు జంటగా పోటీ చేయాలని నియమం వచ్చింది.

ఓటేసేటప్పుడు అందరి చూపూ మొదటి పేరు మీదే ఉంటుంది. రెండో పేరు ఎవరూ పట్టించుకోరు. కాని ఆ మనిషి రేపు సంతకం పెట్టే చోటికి రావచ్చు.

ఆలోచించండి:
1. అరిజోనాలో పార్టీ మారింది. యూటాలో ఎందుకు మారలేదు?
2. మీ ఊళ్లో సర్పంచి పదవి ఖాళీ అయితే ఆ పని ఎవరు చూస్తారు? అడిగి తెలుసుకోండి.