మనిషికి తగిన బల్ల

అరసికెరె వంటి సరిహద్దు గ్రామాలలో వికలాంగుడైన బిడ్డకు ప్రభుత్వోద్యోగం లభించినదంటే ఇంటిల్లిపాదికీ పండుగే. కానీ చక్రాల కుర్చీలో కూర్చున్నవారి మోకాళ్లు బల్ల కింద పట్టకపోతే ఆ ఉద్యోగం నిత్యయాతన. నేల నుంచి బల్ల అడుగు వరకు దాదాపు 70 సెంటీమీటర్ల ఖాళీ ఉండవలెను. సొరుగు అడ్డు రాకూడదు. ఊరి వడ్రంగి బల్ల కాళ్లకు నాలుగు దిమ్మెలు గట్టిగా బిగించినా సరిపోతుంది. అయితే ఎత్తు మాత్రం కూర్చునే మనిషిని కొలిచే తేల్చాలి. ఒంటిచేత్తో పనిచేసేవారికి కంప్యూటర్‌లోనే ‘స్టికీ కీస్’ అనే ఏర్పాటు ఉన్నది; ఒకేసారి నొక్కవలసిన మీటలను ఒకదాని తరువాత ఒకటి నొక్కవచ్చు.

చూపు లేనివారి విషయం కొంత చిక్కైనది. 2006లో ఆరంభమైన ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెర మీది అక్షరాలను కన్నడంలోనూ తెలుగులోనూ చదివి వినిపిస్తుంది. ఇంట తెలుగు, కార్యాలయంలో కన్నడం గల మనవారికి ఇది ఎంతో అక్కర. కానీ యూనికోడ్‌కు ముందునాటి నుడి, అను అక్షరాలతో టైపు చేసిన పత్రాలను అది సరిగా చదవలేదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి ఇమ్మని అడగవలసినదే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఇటువంటి సదుపాయాలు కల్పించే బాధ్యత ప్రభుత్వ కార్యాలయానిదే. కేంద్ర చట్టం గనుక పావగడలోనూ మడకశిరలోనూ ఒకటే. కోరికను రాతపూర్వకంగా ఇచ్చి, నకలు దగ్గర ఉంచుకోవడం మేలు.